చప్పిడి కూడు

నేను పెద్దమనిషి కాకముందే మా ఇంట్లో నాకు ఆ వేడుక చేశారు. బడిలో లెక్కలు చెప్పి బతికినదాన్ని. చుట్టాల ఇళ్లలో ఎవరి పెళ్లి ఏనాడు జరిగిందో, ఎవరు ఏ ఏడు పుట్టారో నన్నే అడుగుతారు. ఈ ఒక్క సంగతి దగ్గరికి వస్తే మాత్రం ఇన్నాళ్లూ మాట మార్చాను.

అది 1957. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా ఏడాది నిండలేదు. మాది మెట్‌పల్లి దగ్గర నేతవాళ్ల వాడ. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేదాన్ని. బాపు గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. అవ్వ నూలుకు గంజి పెట్టేది. నేను బడి నుంచి వచ్చి రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేదాన్ని. నాకు పన్నెండేళ్లు.

ఆ వానకాలం వాడలో పిల్లలందరికీ గజ్జి. నాకు వేళ్ల సందుల్లో మొదలై మణికట్ల దాకా పాకింది. గోకితే పుండ్లు, పుండ్లకు చీము. అవ్వ వేపాకు నూరి రాసేది. ఆ చేతులతోనే తెల్ల నూలు పట్టుకోవాలి. ఒకనాడు కండె మీద పచ్చటి మరక కనబడితే బాపు ఏమీ అనకుండా అంత మేరకు పోగు తెంపి పక్కన పడేశాడు. తిడితే బాగుండేదనిపించింది. అప్పటినుంచి చేతులకు పాత గుడ్డ కట్టుకుని చుట్టేదాన్ని. ఎవరైనా వస్తే చేతులు లంగా కుచ్చిళ్లలోకి పోయేవి. పుండ్లు పొక్కు కట్టి మానుతున్నాయనుకునేసరికి ఒంట్లో ఇంకొకటి మొదలైంది.

పొలాల అమావాస్య ఆ ఏడు ఆదివారం వచ్చింది, ఆగస్టు ఇరవై ఐదు. కాపులు ఎడ్లను కడిగి కొమ్ములకు రంగులు వేస్తున్నారు. నేను లేచి, తానం చేసే మూలకు పోయి కూర్చున్నాను. వచ్చినదాన్ని చూసి భయపడ్డాను. మాంసం కడిగిన నీళ్లలా ఉంది. నొప్పి లేదు, మంట లేదు. చెంబెడు నీళ్లు పోశాను, ఇంకో చెంబు పోశాను. బండల సందుల్లో నిలిచిన నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. వెనక నుంచి అవ్వ చూసింది.

"ఎప్పటిసంది బిడ్డా?"

"ఇప్పుడే."

అవ్వ నా గదవ పట్టుకుని మొఖాన్ని వెలుతురుకు తిప్పింది. రెప్పలు ఉబ్బి ఉన్నాయి, బుగ్గలు పొంగి ఉన్నాయి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి సంతోషంతో వచ్చినవి. గోడ మీదుగా పక్కింటి ముసలామెను పిలిచింది. వాడలో కాన్పులకైనా ఇలాంటివాటికైనా ఆమె మాటే మాట. అవ్వ ఆమెను అత్తా అనేది, నేను పెద్దవ్వ అనేదాన్ని.

పెద్దవ్వ ఆకు నములుతూ వచ్చింది. "అమాస నాడు కూసున్నదా? సరే తీ, అది మన చేతుల ఉన్నదా. మొన్నటిదాక చింతబరికె లెక్కుండె, ఇప్పుడు మొఖం జూడు ఎట్ల నిండుకున్నదో. నేను వారం కిందనే అనుకున్న." నా దగ్గరికి వంగి మెల్లగా అడిగింది. "బట్టకు అంటిందా?"

అంటలేదు. నేను తల వంచుకున్నాను. ఆమె దాన్ని అవుననుకుంది.

అంటలేదని ఎందుకు చెప్పలేదని ఇప్పటివాళ్లు అడగవచ్చు. చెప్పాలంటే ఆ రంగు ఎందులో వచ్చిందో చెప్పాలి. మా ఇళ్లలో పెద్దవాళ్ల ముందు ఆడపిల్ల నోట ఆ మాట రాకూడదు. బడిలో కూడా చిటికెన వేలు చూపించి బయటికి పోయేవాళ్లం. పోవాలి అని వేలితో చెప్పవచ్చు. పోతే ఎర్రగా వచ్చింది, మిగతా వేళ ఏమీ లేదు అని వేలితో చెప్పలేము. నేను ఒక్క నిమిషం ఆలస్యం చేశాను. అంతలో కొత్త చాప వచ్చింది, అవ్వ పసుపు తెచ్చింది, పెద్దవ్వ పాట ఎత్తుకుంది. ఇక ఆ పాటను ఆపడం నావల్ల కాలేదు.

వెనక గదిలో మూలన కూర్చోబెట్టారు. మావైపు అప్పటి ఆచారం పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ ఉప్పు, కారం తగలని చప్పిడి కూడు. అన్నంలో నెయ్యి, పాలు, బెల్లం, నువ్వుల ముద్ద, ఎండుకొబ్బరి ముక్క. పని ముట్టకూడదు. గదిలోకి బాపు రాకూడదు. అవ్వ మడతపెట్టిన పాత చీర ముక్కలు ఇచ్చింది. వాటికి ఏమీ అంటేది కాదు. ఏమీ అంటని ముక్కలనే నీళ్లలో ముంచి, పిండి, ఉతికినట్టు తాడు మీద ఆరవేసేదాన్ని. అవ్వ వచ్చి వాటిని తడిమి చూసి పోయేది. ఆ తాడు వైపు చూడలేక గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని.

సిగ్గుతో పాటు సుఖం కూడా ఉండేది. అది చెప్పుకోవడం ఇంకా కష్టం. పుండ్ల చేతులతో కండెలు చుట్టే పని తప్పింది. వేడి అన్నం ముందు నాకే వచ్చేది. అవ్వ నా తల దువ్వి జడ వేసేది. రోజులు గడిచిన కొద్దీ ఒంటికి పోయిన ప్రతిసారీ రంగు చూసుకునేదాన్ని. వినాయక చవితి నాటికి చాయ్ డికాషన్ రంగుకు దిగింది. తర్వాత ఇంకా పలచబడింది. రెప్పల ఉబ్బు తగ్గింది. ఎవరికీ తెలియకుండానే వచ్చింది, అలాగే పోతుంది అనుకున్నాను.

పదో రోజు మా మేనమామ ఇచ్చోడ నుంచి బస్సుల మీద వచ్చాడు. అక్కడ పత్తి మిల్లులో పని చేసేవాడు. ఎర్ర అంచు ఉన్న ఆకుపచ్చ లంగా తెచ్చాడు. గడప అవతల నిలబడి నవ్వాడు.

"ఏం కోడలా, పనిల నుంచి మంచిగ తప్పించుకున్నవట గదా. గీ ఉపాయం నాకు ముందుగాల్ల తెలిస్తే మిల్లు బందువెట్టి నేను గూడ ఓ మూలకు కూసుందు."

"నువ్వు కూసుంటే చప్పిడి కూడు ఎవడు తింటడు తమ్మీ," అంది అవ్వ. "కారం లేంది ముద్ద దిగదు నీకు."

అందరూ నవ్వారు. మామ సరదాకే అన్నాడు. అయినా నా అబద్ధం ఆయనకు తెలిసిపోయిందేమోనని తాడు మీది ముక్కల వైపు చూశాను.

మర్నాడు పసుపు నీళ్లు పోశారు. ఆకుపచ్చ లంగా కట్టి పీట మీద కూర్చోబెట్టి ఒడిలో ఎండుకొబ్బరి కుడుకలు పోశారు. వాడ ఆడవాళ్లంతా పాడుతుంటే నేను నేల వైపే చూశాను. "ఎంత సిగ్గో చూడుండ్రి పిల్లకు," అని మెచ్చుకున్నారు. తర్వాత భోజనాలు. వేట కూర, పప్పుచారు, మామిడికాయ తొక్కు. పదకొండు రోజుల చప్పిడి తర్వాత ఆ తొక్కు నాలుక మీద పడితే ప్రాణం లేచి వచ్చింది. మూడు రోజులు ఏ పూటా తొక్కు లేకుండా తినలేదు.

నాలుగో పొద్దున కళ్లు తెరుచుకోలేదు. వేళ్లతో రెప్పలు విప్పుకుని చూడాల్సి వచ్చింది. సాయంత్రానికి కాళ్లకు నీరు దిగి పట్టీలు చర్మంలోకి దిగబడ్డాయి. తల పగిలిపోతున్న నొప్పి, వాంతులు. పడుకుంటే ఊపిరి అందదు, గోడకు ఆనుకుని కూర్చుంటే కొంత నయం. పొద్దున నుంచి పొద్దుగూకే దాకా గుక్కెడు కూడా ఒంటికి పోలేదు. పోయిన కాస్తా మళ్లీ ఎర్రటి మురికి రంగు.

"అందరి కండ్లు దీని మీదనే పడ్డయి గద. దిష్టి," అంది పెద్దవ్వ. గుప్పెడు ఉప్పు తిప్పి పొయ్యిలో వేసింది. పొయ్యిలో వేసిన ఉప్పు చిటపటమని కాలిపోయింది. నేను తిన్న ఉప్పు ఒంట్లోనే ఉండి, తనతో పాటు నీళ్లను కూడా పట్టి ఉంచిందని తర్వాత తెలుసుకున్నాను.

ఆ రాత్రి గడిచాక బాపు గదిలోకి వచ్చి నా కాలు వేలితో నొక్కి చూశాడు. పడిన గుంత పడినట్టే ఉండిపోయింది. "బస్సుకు పోదాం," అన్నాడు. అంతే.

కరీంనగర్‌లో ఒక ముసలి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయారు. ఉర్దూ కలిసిన తెలుగు మాట్లాడేవాడు. రెప్పలు చూశాడు, ఛాతీ విన్నాడు, చేతికి పట్టా చుట్టి రక్తపోటు చూసి పెదవి విరిచాడు.

"వాపు ఎన్నటిసంది?"

"రెండు దినాలైంది సారూ," అంది అవ్వ.

"ఒంటికి పోతే రంగు మారిందా? ఎర్రగ గని, చాయ్ లెక్క గని?"

అవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. బాపు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "పిల్ల మొన్ననే పెద్దమనిషి అయింది సారూ. గదే ఎరుపు."

"అచ్ఛా." డాక్టర్ నాకు గ్లాసు ఇచ్చి పంపాడు. నేను తెచ్చిన కాస్తను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. "గిది గూడ దాని ఎరుపేనా మరి? నాకెట్ల తెలవాలె?" తర్వాత నా వైపు తిరిగాడు. "చేతులు సూపెట్టు."

చేతులు ఎప్పటిలా లంగా కుచ్చిళ్లలో ఉన్నాయి. ఆయన మెల్లగా బయటికి లాగి, మచ్చలు చూశాడు.

"గజ్జి పుండ్లు గదా. మానినంక కొందరు పిల్లలకు మూత్రపిండాలు వాస్తయి. అట్లయితే ఒంటికి ఎర్రగ రావాలె. గుండె చెడినా గిట్లనే వాపొస్తది, ఆ మందు వేరే ఉంటది. అమ్మా, జర యాది చేసుకోని చెప్పు. పెద్దమనిషి కాకముందు ఎరుపు వచ్చిందా?"

"లేదు సారూ. పదకొండు దినాలు కూసున్నది. అంత సక్రమంగనే అయింది."

అవ్వ అబద్ధం చెప్పలేదు. ఆమెకు తెలిసింది ఆమె చెప్పింది. ఆ గదిలో అసలు సంగతి తెలిసిన మనిషిని నేను ఒక్కదాన్నే. ఊపిరి సగం సగమే అందుతోంది. ఇప్పుడు కూడా తల వంచుకుంటే ఈయన గుండెకు మందిస్తాడు, నేను చచ్చిపోతాను అనిపించింది. చచ్చిపోవడమే నయమని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఎందుకంటే బాపు వింటున్నాడు.

"అది కాలే," అన్నాను.

డాక్టర్ వంగాడు. "ఏం కాలే బిడ్డా?"

"అవ్వ చెప్పేది. నాకు అది కాలే. ఒంటికి పోతెనే ఎర్రగ వచ్చింది. బట్టకు అంటలే. పొలాల అమాస పొద్దుగాల్ల మొదలైంది. చవితికి చాయ్ లెక్క అయింది. పండుగ చేసేటాళ్లకు మంచిగైంది. తొక్కు తిన్నంక మళ్ల వచ్చింది."

అవ్వ కొంగు మూతి మీద నుంచి నుదుటి దాకా లాక్కుంది. బాపు వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

డాక్టర్ ఆ గ్లాసులోది కొంత గాజు గొట్టంలో పోసి, స్పిరిట్ దీపం మీద వేడి చేశాడు. పై భాగం తెల్లగా మసకబారి, కోడిగుడ్డు తెల్లసొన ఉడికినట్టు విరిగి ముక్కలు కట్టింది. నా ఒంట్లో నుంచి వచ్చినదాన్ని పెద్దవాళ్ల ముందు అలా వెలుతురులో పెడితే భూమిలోకి దిగిపోవాలనిపించింది. బాపు మాత్రం వీధి వైపు నుంచి ఇటు తిరిగి, దగ్గరికి వచ్చాడు. జీవితమంతా గంజి ఉడకడం చూసినవాడు.

"గంజి లెక్క గట్టిపడ్డదేంది సారూ?"

"అది ఒంటి బలం. రక్తంల ఉండాలె, బయటికి రావద్దు. మూత్రపిండాలంటే జల్లెడ అనుకో..."

"జల్లెడ గాదు, వడగట్టే బట్ట."

"బట్టనే అనుకో. దాని పోగులు వాచినయి."

బాపు ఆలోచించాడు. "పోగు వాస్తే సందు మూసుకపోవాలె గద సారూ. మరి రక్తం ఎట్ల కారుతది?"

డాక్టర్ ఆయన్ని కొత్తగా చూశాడు. "మంచిగడిగినవ్. కొంత కాడ మూసుకపోయింది. ఆడ ఉప్పు, నీళ్లు బయటికి పోక మొఖానికి, కాళ్లకు, ఊపిరితిత్తులకు ఎక్కినయి. రక్తపోటు పెరిగింది, గందుకే తలనొప్పి. కొంత కాడ చిరిగింది. ఆడికెల్లి రక్తం, బలం కారుతున్నయి. గజ్జి పుండ్లల్ల పురుగుతోని ఒళ్లు కొట్లాడింది. ఆ కొట్లాటల మిగిలిన చెత్త రక్తంల తిరిగి తిరిగి పోయి ఈ బట్టల చిక్కుకున్నది. పిల్లల్ల శానామందికి ఇది మానుతది. ఫికర్ జేయకు. కని ఇన్నొద్దులు ఆగి రావద్దు." తర్వాత నన్ను అడిగాడు. "నడుమ తగ్గిందంటివి. ఏం మందు తిన్నవ్?"

"ఏం తినలే. చప్పిడి కూడు పెట్టిండ్రు. పండుకోబెట్టిండ్రు."

ఆయన గొట్టం కింద పెట్టాడు. "నేను రాసేది గూడ గదే," అని నవ్వాడు. అవ్వ వైపు చూసి నవ్వు ఆపాడు. "అమ్మా, తెల్వక చేసినా పిల్లకు మంచే చేసినవ్."

అవ్వ మొఖం మీద కొంగు తీయలేదు.

మూడు వారాలు అక్కడే ఉంచారు. మిగిలిన పుండ్లకు పెన్సిలిన్ సూదులు, ఉప్పు లేని అన్నం, కొలిచి ఇచ్చే నీళ్లు. ఒంటికి పోయినదాన్ని సీసాలో పట్టి, గీత చూపించి చెప్పాలి. ఆ సీసాను అవ్వ కొంగు చాటున పెట్టుకుని వరండా దాటేది. గీత రోజురోజుకూ పైకి వచ్చింది, వాపు కిందికి దిగింది. మొదట మొఖం, తర్వాత కడుపు, చివరికి పాదాలు. నీరంతా పోయాక చూస్తే పక్కటెముకలు తేలి ఉన్నాయి. అవ్వ అన్ని రోజులూ నా గిన్నెలోని చప్పిడి కూడే తిన్నది. తొక్కు తెచ్చుకొమ్మని బాపు చెప్పినా తెచ్చుకోలేదు. ఎందుకు చెప్పలేదే అని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నేను రోజూ కూర్చుకునేదాన్ని.

ఇంటికి వచ్చాక మామకు అవ్వే కబురు పెట్టి పిలిపించి అంతా చెప్పింది. మామ కాసేపు బీడీ తాగాడు. నేను లంగా మడత పెట్టి ఆయన ముందు పెట్టాను.

"దుకాణపోడు వాపస్ తీసుకుంటడా ఏంది? కట్టుకో పో. ఎందుకు తెచ్చిన్నో నాకే యాదికి లేదు," అన్నాడు.

పెద్దవ్వ మాత్రం అంత తేలికగా మరిచిపోలేదు. పాట ఎత్తుకున్నది తానే కాబట్టి ఆమెకూ తలకొట్టేసినట్టయింది. ఆ తప్పును మా గుమ్మంలో దింపిపోవడానికి వాడంతా తిరిగింది. "నేను అప్పుడే అన్న, అమాస మంచిది గాదని. తల్లికి తెల్వద్దా? ఉచ్చకు పండుగ చేసిండ్రు గదనే." బడిలో పిల్లలు నన్ను చూసి చిటికెన వేలు ఎత్తి నవ్వేవాళ్లు. అవ్వ ఆ తర్వాత వాడలో ఏ ఆడపిల్ల వేడుకకూ పోలేదు. పిలుపు వస్తే తలనొప్పి అనేది. రోజూ పొద్దున నేను లేవగానే నా కాలి ముందెముక మీద బొటనవేలు పెట్టి నొక్కేది. తీసి, గుంత పడిందా అని చూసేది. గుంత లేకపోతే పనిలోకి పోయేది. ఆ ఇంట్లో ఆ సంగతి గురించి మాకు మిగిలిన మాట అదొక్కటే.

ఇప్పటికీ రక్తపోటు చూపించుకునేటప్పుడు చిన్నతనంలో మూత్రపిండాల జబ్బు ఏమైనా చేసిందా అని అడుగుతారు. చేసిందని తేదీతో సహా చెప్తాను. ఎలా తెలిసిందని అడిగితే గజ్జి మచ్చలు చూసి డాక్టర్ కనుక్కున్నాడని చెప్తాను. అంతకు మించి చెప్పను.

1959 చలికాలంలో నిజంగా అయింది. ఈసారి నేనే అవ్వ దగ్గరికి పోయాను. ఆమె నూలు ఆరవేస్తోంది.

"అవ్వా, ఇది ఒంటికిది కాదు."

ఆమె నూలు చేతిలో పట్టుకునే నిలబడింది. "బట్టకు అంటిందా?"

"అంటింది."

అవ్వ పక్కింటి గోడ వైపు చూసింది. ఒకసారి చేసిన వేడుకను మళ్లీ ఏమని చేస్తుంది? ఎవరినని పిలుస్తుంది? లోపలికి వచ్చి వెనక గదిలో చాప పరిచింది. పసుపు లేదు, పాట లేదు. పొయ్యి మీద అన్నం చప్పిడిగా వండింది. మూడో రోజు పెద్దవ్వ నిప్పు కోసం వచ్చి గిన్నె చూసింది.

"మళ్ల చప్పిడి ఎందుకే? పిల్లకు వాపు వచ్చిందా?"

"ఆఁ. జర వచ్చింది," అంది అవ్వ. "డాక్టర్ ఉప్పు బందువెట్టుమన్నడు."

"అయ్యో పాపం. పైలం బిడ్డా," అని పెద్దవ్వ నా వైపు జాలిగా చూసి పోయింది. అవ్వ నా వైపు చూడలేదు.

పదకొండో రోజు పొద్దున అవ్వ తలకు పోసి, పెట్టెలోంచి ఆకుపచ్చ లంగా తీసి కట్టింది. రెండేళ్లలో పొట్టిదైపోయి పిక్కల దగ్గరే ఆగింది. ఆమె కింద కూర్చుని, అంచు కింద కనబడుతున్న ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కింది. ఎప్పటికన్నా ఎక్కువసేపు నొక్కి ఉంచింది. తీసి చూసింది.

"గుంత పడలే," అంది.

తర్వాత పళ్లెంలో అన్నం పెట్టి, ఓ పక్కన గోటి మీద పట్టేంత తొక్కు వేసింది. తలుపు దగ్గరగా వేసే ఉంది. ఇద్దరం ఆ పళ్లెంలోనే తిన్నాం.